కూరగాయల చేలో బంతి: తండా సేద్యంలో పాతదేది, కొత్తదేది

చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాద్ పక్కనున్న బాలాజీ గుడి గుర్తుకొస్తుంది. మేము చెప్పేది ఆ చిలుకూరు కాదు. కోదాడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మా చిలుకూరు. 2016 అక్టోబర్ 11 దాకా నల్లగొండ జిల్లా, ఆనాటి నుంచి సూర్యాపేట జిల్లా. ఇటు కోదాడ, హుజూర్‌నగర్, మఠంపల్లి, అటు మిర్యాలగూడ దాకా లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. కాలువ నీళ్లందిన తండాలో వరి, అందని తండాలో పత్తి, మిరప, కాసిన్ని కూరగాయలు. ఈ వ్యాసం ఆ కాసిన్ని కూరగాయల గురించే.

మొన్నామధ్య ఒక బడిలో పిల్లలు గోడకు అంటించిన చార్టు చూశాం. టమాటా మొక్కల మధ్య పెద్ద పెద్ద బంతిపూలు గీశారు. కింద 'మన పూర్వీకుల పురుగుమందు' అని రాశారు. బొమ్మ బాగుంది. రాసిన మాట దగ్గరే మాకు అనుమానం వచ్చింది. తండాకు వచ్చి డెబ్బై ఏళ్లు దాటిన ఒక దాదిని అడిగాం, మీ కాలంలో చేలో బంతి పెట్టేవాళ్లా అని. ఆమె నవ్వింది. "చేలో బంతి ఎక్కడిది బిడ్డా? ఇంటి ముందర రెండు చెట్లుండేవి, పండుగకు. చేలో అయితే జొన్న, కంది, ఆముదం" అన్నది.

ఆ పిల్లలను తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. వాళ్లకు చెప్పింది పెద్దవాళ్లే. గిరిజనులు అనగానే అడవి, ప్రకృతి, పూర్వీకుల జ్ఞానం అంటూ మెడలో ఒక దండ వేసి పక్కన కూర్చోబెట్టే అలవాటు సభల్లోనూ ఉంది, పుస్తకాల్లోనూ ఉంది. మనది కానిదాన్ని మనదని పొగుడుతారు. నిజంగా మనదైనదాన్ని గురించి ఎవరూ అడగరు. మనమూ ఆ దండకు అలవాటు పడితే మన చరిత్ర మనకే తెలియకుండా పోతుంది. అందుకని చేలో బంతి ఎప్పుడొచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది, అంతకుముందు మన చేలల్లో ఏముండేది అని వెతికాం.

మొదట మన సంగతి. లంబాడీలు మొదటి నుంచీ నాగలి పట్టినవాళ్లు కాదు. మన పెద్దలది బిడారు బతుకు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి దక్కను దాకా, దక్కను నుంచి ఉత్తరాది దాకా తిరిగారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వైపు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే పది పన్నెండు వేల ఎద్దులతో కదిలే బిడారులను చూసి రాశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు పట్టాలు, రోడ్లు పడ్డాక ఎద్దు మీద సరుకు మోయించుకునేవాళ్లు తగ్గిపోయారు. బిడారు ఆగిన చోటే తండా వెలిసింది. దొరికింది మెట్టభూమి, రాళ్ల నేల, ఊరివాళ్లు వదిలేసిన గట్లు. కాబట్టి వేల ఏళ్ల నాటి సేద్య విజ్ఞానం మనదని చెప్పుకుంటే మన దాదాలే ఒప్పుకోరు. పక్క ఊరి రైతును చూసి నేర్చుకున్నది ఎంతో ఉంది. పశువును సాకడం, ఎరువు, దారి, వాన పోకడ, ఇవి మాత్రం మనం బిడారు నుంచి తెచ్చుకున్నవి. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చింది కూడా 1976 చట్ట సవరణతోనే. భూమి కాగితం సంగతి ఇప్పటికీ చాలా తండాల్లో తేలలేదు, అది వేరే వ్యాసం.

కాలువ రాకముందు ఈ మెట్ట చేలల్లో ఏకపంట అనేది అరుదు. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, బొబ్బర, అనుములు. గట్ల మీద ఆముదం. నల్లగొండ జిల్లా ఒకప్పుడు ఆముదానికి పేరుమోసిన జిల్లా. మన పెద్దవాళ్లు ఇవన్నీ కలిపి వేసింది పురుగును తరమడానికి కాదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. వాన ఎప్పుడు ముఖం చాటేస్తుందో తెలియదు. ఒకటి పోతే ఒకటైనా ఇంటికి రావాలి. తిండికి గింజ కావాలి, పప్పు కావాలి, దీపానికి నూనె కావాలి, పశువుకు చొప్ప కావాలి. కానీ అలా కలిపి వేసినందువల్ల పురుగుకూ కష్టమైంది. కందికి వచ్చే పురుగుల్లో కొన్ని జొన్నను ముట్టవు. జొన్న కంకి మీద వాలిన పిట్ట పక్కనున్న కంది మీది పురుగునూ ఏరుకు తింటుంది. బొబ్బర మీద పేనుబంక ఉంటే దాన్ని తినే అక్షింతల పురుగులు అక్కడే పెరిగి మిగతా చేనంతా తిరుగుతాయి. ఆముదం ఆకు వెనుక లద్దె పురుగు గుడ్ల ముద్ద పెడుతుంది. ఒక్కో ముద్దలో వందల గుడ్లు. ఆ ఆకును తుంచి పారేస్తే వందల పురుగులు పుట్టకముందే పోయినట్టే. దాదిని అడిగితే, ఆముదం ఆకు జల్లెడలా అయితే తుంచి పొయ్యిలో వేసేవాళ్లమన్నది. దానికి ఆమె ఏ పేరూ పెట్టలేదు. ఇప్పుడు వ్యవసాయ శాఖ కరపత్రాల్లో దాన్నే 'ఎర పంట' అంటున్నారు.

మనది అని చెప్పుకోదగ్గది ఇదీ. బంతి కాదు, ఆముదం. ఆముదం కన్నా ముఖ్యం, రోజూ సాళ్లలో నడిచి ఆకు తిప్పి చూసే అలవాటు.

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. ఆ తర్వాతి ఏళ్లలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నేల రంగే మారిపోయింది. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, అన్నం వచ్చింది. జొన్నరొట్టె తిన్న ఇంట్లో వరన్నం తినడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే మాకు కోపం. కానీ నీళ్లతో పాటు మడి చదును, ఒకే పంట, సంచి ఎరువు, డబ్బా మందు కూడా వచ్చాయి. చదును చేసేటప్పుడు గట్లు సన్నబడ్డాయి. గట్లు సన్నబడితే ఆముదం పోయింది.

మందుల పేర్లు మన భాషలోకి ఎలా వచ్చాయో చూడండి. ఎండ్రిన్ అనేది ఒక మందు పేరు. మన పల్లెల్లో అది విషానికే పేరైపోయింది. ఎవరైనా ప్రాణం తీసుకుంటే 'ఎండ్రిన్ తాగాడు' అనేవాళ్లు, తాగింది ఏ మందైనా సరే. దేశంలో ఆ మందును 1990లో నిషేధించారు. మందు పోయింది, మాట మిగిలింది. ఆ తర్వాత మోనోక్రోటోఫాస్. మనవాళ్లు ముద్దుగా 'మోనో' అంటారు. కూరగాయల మీద దాన్ని కొట్టకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా తండాల్లో బెండ మీద, వంగ మీద అదే కొట్టడం మేము కళ్లారా చూశాం. డబ్బా మీద సన్నక్షరాలతో ఏముందో చదివేవాళ్లు లేరు. మందు ఇచ్చే దుకాణం అతనే అప్పు ఇచ్చేవాడు, పంట కొనేదీ అతనే. ఏ పురుగుకు ఏ మందో చెప్పే డాక్టరు కూడా అతనే. మా చిన్నప్పుడు ఒక ఏడు మిరపకు వారానికి ఒకసారి మందు కొట్టారు. తోట చివరికి మందు అప్పుకే సరిపోలేదు. కొట్టేవాళ్లు మగవాళ్లు, నీళ్లు మోసి మందు కలిపేవాళ్లు ఆడవాళ్లు. కలిపిన చేత్తోనే బిడ్డకు అన్నం పెట్టిన తల్లులున్నారు.

1997-98లో వరంగల్ వైపు పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడింది. ఏ మందు కొట్టినా చావలేదు. పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. అదే మందును పదే పదే కొట్టగా పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. పురుగును తినే పురుగులు మాత్రం ముందే చచ్చిపోయాయి. పెద్దలు ఆముదం ఆకు తుంచి పొయ్యిలో వేసినది కూడా ఈ లద్దె పురుగునే. దాన్ని గుడ్డు దశలో పట్టుకోవడం ఎంత తేలికో, పెద్దదయ్యాక చంపడం అంత కష్టం.

బంతి మన చేలల్లోకి రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి పరిశోధన కేంద్రం, రెండోది ఒక పల్లె.

పరిశోధన సంగతి చెప్పేముందు బంతి ఊరు చెప్పాలి. అది మెక్సికో మొక్క. అక్కడి ఆదివాసులు దాన్ని ఇరవై రేకుల పువ్వు అన్న అర్థంలో పిలిచారు. ఇప్పటికీ చనిపోయిన పెద్దలను తలచుకునే పండుగలో సమాధుల మీద కుప్పలు కుప్పలుగా పోస్తారు. పదహారో శతాబ్దం తర్వాత పోర్చుగీసు ఓడల దారిన మన దేశానికి వచ్చిందని చెబుతారు. టమాటా, మిరప కూడా అక్కడివే. వింతేమిటంటే, టమాటా కాయను తొలిచే శనగపచ్చ పురుగు మాత్రం పాత ప్రపంచానిది, అంటే మన వైపుది. 2013 దాకా అది అమెరికా ఖండాల్లో ఉన్నట్టే ఎవరూ నమోదు చేయలేదు, ఆ ఏడాదే బ్రెజిల్‌లో బయటపడింది. టమాటా ఇక్కడికి వచ్చాక శనగపచ్చ పురుగుకు కొత్త తిండి దొరికింది. టమాటా వెంట వచ్చిన బంతే ఇప్పుడు ఆ పురుగుకు ఎర అయింది. బతుకమ్మలో, దసరా తోరణంలో, దీపావళి గుమ్మంలో బంతి లేకుండా మనకు పండుగే లేదు. నాలుగు వందల ఏళ్లలో ఒక పరాయి పువ్వు ఇంతగా ఇంటిదైంది. మనమూ ఎక్కడి నుంచో వచ్చి ఈ నేలకు చెందినవాళ్లమే కదా, అందుకే ఆ పువ్వును పరాయిది అనడానికి మాకు నోరు రాదు. పూర్వీకులది అని మాత్రం అనొద్దంటాం.

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో కె. శ్రీనివాసన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు టమాటాలో బంతిని ఎర పంటగా పరీక్షించి 1994లో ఫలితాలు ప్రచురించారు. 16 సాళ్ల టమాటాకు ఒక సాలు ముద్దబంతి. ఇందులో అసలు కిటుకు నారు వయసులో ఉంది. టమాటా నారు 25 రోజులదైతే బంతి నారు 45 రోజులది ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు. అది మొగ్గల మీద, పూల మీద ఒక్కొక్క గుడ్డు విడివిడిగా పెడుతుంది. టమాటా పూత కన్నా బంతి మొగ్గంటే దానికి ఎక్కువ ఇష్టం. బంతి మీద గుడ్లు పెట్టిందంటే టమాటా కాయకు ఆ మేరకు తప్పినట్టే. అదే సంస్థవాళ్లు క్యాబేజీలో ఆవాలను ఎరగా వేసే పద్ధతినీ చెప్పారు. అక్కడ వచ్చేది వేరే పురుగు, డైమండు మచ్చల రెక్కల పురుగు.

ఇక పల్లె. ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. ఏజెన్సీ వైపు ఊరు. పత్తి వేసి, మందు అప్పుల్లో మునిగి, ఆత్మహత్యలు కూడా చూసిన ఊరు. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడుగా, మందు లేని సేద్యం గురించి అక్కడ చెప్పడం మొదలుపెట్టింది. మొదట ఎవరూ నమ్మలేదు. ఒకరిద్దరు చేసి చూపించారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, జిగురు పూసిన అట్టలు, చేలో పిట్టలు వాలడానికి కొమ్మలు, గట్ల చుట్టూ ఆముదం, సాళ్ల మధ్య బంతి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చేను కాపాడదు, అన్నీ కలిస్తేనే. ఆ ఊళ్లో పనిని ముందుకు తోసింది ఆడవాళ్ల పొదుపు సంఘాలు. మందు డబ్బా ఇంట్లోకి తేవొద్దని మొగుళ్లతో పోట్లాడారు. వేపగింజలు నలగగొట్టే యంత్రం కొన్నారు. 2004లో గ్రామ పంచాయతీ మా ఊరు పురుగుమందులు లేని ఊరు అని తీర్మానం చేసింది. అటు జనగామ వైపు ఏనెబావి అనే చిన్న పల్లె 2006 నాటికి పూర్తిగా సేంద్రియ గ్రామమని ప్రకటించుకుంది. ఆ రోజుల్లోనే పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమంతా తిప్పింది. ఎన్‌పీఎం అన్న మాట మన తండాలకు తెలిసింది అప్పుడే. మన దగ్గర చాలామంది ఆడవాళ్లు బంతిని ఎర పంటగా విన్నది సంఘం మీటింగులోనే.

ఇది చదివే టీచర్లకు ఒక మాట చెప్పాలి. బంతి వాసనకు పురుగులు పారిపోతాయని మీరు పాఠంలో చెబుతుంటారు. అది సగం నిజం. తెల్లదోమ విషయంలో నిజమే. బంతి వాసనలో లిమోనిన్ అనే పదార్థం ఉంటుంది, నిమ్మతొక్కలోనూ ఉండేది అదే. అది టమాటా నుంచి తెల్లదోమను దూరం పెడుతుందని ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో చూపించారు. అక్కడ వాడింది చిన్నపూల పొట్టి బంతి, అదీ గాజు ఇంట్లో. కాయతొలుచు పురుగు విషయంలో జరిగేది పూర్తిగా తలకిందులు. అక్కడ బంతి తరమదు, పిలుస్తుంది. తరిమేదని నమ్మి వదిలేసినవాడు నష్టపోతాడు. పిలిచి కూర్చోబెట్టిన పురుగును ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

మేమూ ఆ దెబ్బ తిన్నాం. ఒక ఏడు అరెకరం టమాటాలో బంతి వేశాం. మొదటి తప్పు, రెండు నార్లూ ఒకే రోజు పోశాం. టమాటా పూతకొచ్చేసరికి బంతి ఇంకా ఆకు మీదే ఉంది. పురుగు నేరుగా టమాటాకే వచ్చింది. మరుసటి ఏడు బంతి నారు ఇరవై రోజులు ముందు పోశాం. పూత కలిసింది. పూలు విరగబూశాయి, ఫొటోలు కూడా తీసుకున్నాం. పూలు కోయకుండా చేనుకు అందమని వదిలేశాం. ఆ పూలలోనే పురుగు పుట్టి, పెరిగి, పెద్దదై, పక్క సాలులోకి దిగింది. గాలానికి ఎర గుచ్చి, గాలం లాగడం మరచిపోయినట్టు అయింది మా పని. మూడో ఏడు ఇంటి ఆడవాళ్లు రోజు విడిచి రోజు పొద్దున్నే బంతి సాలులో నడిచి, పురుగున్న మొగ్గలు తుంచి నీళ్ల బకెట్లో వేశారు. బాగున్న పూలు కోసి కోదాడకు పంపారు. ఆ ఏడు మందు కొట్టలేదని చెబితే అబద్ధం అవుతుంది. వేపనూనె కొట్టాం. ఇంకోసారి మందు కూడా కొట్టాం. కానీ ముందటి ఏళ్లంత కాదు. పూల డబ్బులు కూలికి వచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కుంది, అది ఏ కరపత్రంలోనూ రాయరు. పురుగు పట్టిన పువ్వును ఎవరూ కొనరు. పండుగ ధర కోసం పువ్వు చెడకుండా ఉండాలంటే దాని మీద మందు కొట్టాలనిపిస్తుంది. బంతి మీద మందు కొడితే ఎర విషమవుతుంది, పువ్వులోని మకరందం తాగడానికి వచ్చిన మంచి పురుగులు చస్తాయి. ట్రైకోగ్రామా అనే గుండుసూది తల కన్నా చిన్న పురుగు శనగపచ్చ పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి దాన్ని నాశనం చేస్తుంది. అల్లికరెక్కల పురుగు పిల్లలు పేనుబంకను తింటాయి, పెద్దయ్యాక దాని రెక్కల పురుగుకు పుప్పొడి కావాలి. ఇలాంటివాటికి చేలో పువ్వంటే మధ్యాహ్న భోజనం లాంటిది. కాబట్టి బంతి సాలు పూర్తిగా పూల వ్యాపారానికైతే ఎర పని జరగదు, పూర్తిగా ఎరకైతే డబ్బు రాదు. ఎవరింటి లెక్క వాళ్లు చూసుకోవాలి.

బంతి చేయలేని పనులూ ఉన్నాయి. వంగలో కొమ్మను, కాయను తొలిచే పురుగు బంతి మాటే వినదు. అక్కడ వాడిన కొమ్మను తుంచి కాల్చడమే దారి. ఆ పురుగు కోసమే బీటీ వంకాయ తేబోయారు. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో జనం మాట విన్నాక కేంద్ర మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు. వేళ్లకు ముడులు కట్టించే నులిపురుగు విషయంలో బంతి పనిచేస్తుంది, కానీ ఒక్క మొక్కతో కాదు. బంతి వేరులో ఉండే ఒక గంధకపు పదార్థం నులిపురుగును చంపుతుందని డచ్చి రసాయన శాస్త్రవేత్తలు 1958లో తేల్చారు. ఆ మేలు అందాలంటే కూరగాయకు ముందు ఆ మడినంతా బంతితో నింపి కొన్ని నెలలు పెంచాలి. రెండెకరాలున్న ఇల్లు అంత ఓపిక పట్టగలదా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

కాలువ కింది తండాల్లో కూరగాయలు తక్కువ, వరి ఎక్కువ. వాళ్లు ఇది మాకెందుకు అంటారు. చైనా, వియత్నాం, థాయిలాండ్ దేశాల్లో వరి మడుల గట్ల మీద నువ్వుల్లాంటి పూల మొక్కలు పెంచి చూశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. పురుగుమందు కొట్టడం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. సుడిదోమ గుడ్లను చంపే చిన్న పురుగులు ఆ పూల మకరందంతో బతికాయి. నువ్వులు మన పంటే. మన గట్టుకు రావడానికి దానికి ఏ ఓడా అక్కర్లేదు. మనం చదును చేసి సన్నబరచిన గట్లే అడ్డు.

పొలంబడి గురించి కూడా రెండు మాటలు. ఈ పద్ధతి 1989లో ఇండోనేషియాలో మొదలైంది. అంతకు మూడేళ్ల ముందు, 1986లో, అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను ఆపేసింది. మందు ఆపాక రైతుకు ఏం నేర్పాలి? చేనును చూడటం నేర్పాలి. వారానికొకసారి చేలో కూర్చుని, మొక్కకు ఎన్ని చెడ్డ పురుగులు, ఎన్ని మంచి పురుగులు అని లెక్కబెట్టి, బొమ్మ గీసి, అప్పుడు ఏం చేయాలో మాట్లాడుకోవడం. మన రాష్ట్రంలోనూ వ్యవసాయ శాఖ పొలంబడులు నడిపింది. వాటికి మగవాళ్లే ఎక్కువ వెళ్లారు, ఎందుకంటే పాసుపుస్తకం వాళ్ల పేరున ఉంది. రోజూ చేలో నడిచేవాళ్లు మాత్రం ఆడవాళ్లు.

తీజ్ పండుగ ఈ సందర్భంలో మాకు గుర్తొస్తుంది. శ్రావణంలో మన ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు పోసి గోధుమలు నాటి, తొమ్మిది రోజులు పొద్దూమాపూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత ఎదిగింది, పచ్చగా ఉందా, పసుపు తిరిగిందా అని ఒకరి బుట్ట ఒకరు చూసుకుంటారు. అది భక్తి, ఆట, పాట. దాన్ని వ్యవసాయ శాస్త్రం అని మేము అనం, అంటే మళ్లీ ఆ దండే వేసుకున్నట్టు. కానీ ఒక మొలకను తొమ్మిది రోజులు వరుసగా చూసిన పిల్లకు బంతి మొగ్గను చూడటం నేర్పడం కష్టం కాదు. బళ్లో తోట ఉంటే నాలుగు సాళ్ల టమాటా, అంచున ఒక సాలు బంతి చాలు. వారానికొకసారి పది బంతి మొగ్గలు, పది టమాటా పూలు చూసి, ఎన్నింటి మీద గుడ్లున్నాయో నోట్‌బుక్కులో రాయించండి. అంత చిన్న మడిలో ఫలితం బెంగళూరు లెక్కతో సరిపోకపోవచ్చు. సరిపోకపోతే ఎందుకో పిల్లలే చెబుతారు. మరీ సందేహం వస్తే గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఒక పూట పిల్లలను తీసుకెళ్లొచ్చు.

యువకులకు ఇంకో సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయి. ఇప్పుడు సర్పంచు మనవాడు, వార్డు సభ్యులు మనవాళ్లు. పునుకుల పంచాయతీ చేసిన తీర్మానం లాంటిది చేయడానికి ఏ కలెక్టరు సంతకమూ అక్కర్లేదు. అయితే పునుకులలో తీర్మానం చివర్లో వచ్చింది. ముందు కొన్నేళ్ల పని, అప్పుల లెక్క, ఆడవాళ్ల పోట్లాట, వేపగింజల సంచులు. మన దగ్గర తీర్మానం ముందు రాసి, పని తర్వాత చూద్దామనే అలవాటుంది.

చార్టు గీసిన బడికి మళ్లీ వెళ్లాం. పిల్లలకు దాది చెప్పింది చెప్పాం, మెక్సికో చెప్పాం, మా అరెకరం సంగతీ చెప్పాం. ఒక పిల్ల అడిగింది, అయితే పూర్వీకుల పురుగుమందు అని కొట్టేయాలా అని. కొట్టేయకు, పక్కన ఆముదం చెట్టు గీయి అన్నాం. ఆకు వెనుక గుడ్లు కనిపించేలా గీయాలంటే ఆకును ఎలా తిప్పాలో ఆ పిల్లకు తెలియలేదు. బడి వెనుక గోడ పక్కన ఒక ఆముదం మొక్క దానంతటదే మొలిచి ఉంది. అక్కడికి తీసుకెళ్లాం.